కుట్టుపడవ

మా పెరట్లో మామిడిచెట్టు పక్కన, రెండు బల్లల మీద బోర్లించి ఉన్నప్పుడు చూడాలి దాన్ని. పొద్దున ఏడింటికి గుడివాడ ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంటుంది. పడవ వెనుక కొస నుంచి ముక్కు దాకా నడిమధ్యన ఒక గీత. అది ఎక్కడ వంపు తిరగడం మొదలుపెట్టిందో కన్ను పట్టుకోలేదు. అరచెయ్యి ఆనించి రాస్తే చెయ్యి పట్టుకుంటుంది. ఆ గీతకి అటూ ఇటూ, జానెడుకి రెండేసి చొప్పున, మెంతిగింజంత రాగిచుక్కలు. చుక్కలముగ్గులో గీతలు కలిశాక చుక్కలు మరుగునపడతాయి. ఇక్కడ వార్నిషు కింద అలాగే మెరుస్తుంటాయి. అవి కుట్టు ఆనవాళ్ళు. ఈ పడవలో పలకనీ పలకనీ కలిపింది మేకులు కావు, రాగితీగ.

పదకొండడుగులకి కాస్త తక్కువ. ప్లైవుడ్డు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది, మా వీధి వడ్రంగీ నేనూ కలిసి చేశాం. ఆయన జన్మలో పడవ చెయ్యలేదు, నేను జన్మలో చిత్రిక పట్టలేదు. పలకల అంచుల్లో సన్నటి బెజ్జాలు వేసి, రాగితీగ దూర్చి, పట్కారుతో మెలితిప్పుతూ పోయాం. నేల మీద చదునుగా పడున్న చెక్కలు, మెలిక బిగుస్తున్నకొద్దీ ఒకదాన్నొకటి లాక్కుంటూ లేచాయి. దీపాలవేళకి పడవ నిలబడింది. ముప్పై ఏళ్ళపాటు తరగతిలో గుణసంధి చెప్పాను. అకారమూ ఇకారమూ కలిస్తే రెండూ పోయి ఏకారం వస్తుందని నల్లబల్ల మీద రాశాను. ఆ రావడం ఎలా ఉంటుందో కళ్ళతో చూసింది ఆ సాయంత్రమే. తర్వాత అతుకుల వెంట ఫైబరు పట్టీ పరిచి జిగురు పట్టించి, పైకి పొడుచుకొచ్చిన తీగని కత్తిరించేశాం. లోపల మిగిలిన ముక్కలే ఆ చుక్కలు.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చింది 1962లో ఇంగ్లండులో పుట్టిన మిర్రర్ అనే పడవ. నాదీ ఆ జాతే. గీసినవాళ్ళు జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్. హోల్ట్ పడవల రూపకర్త, బక్‌నెల్ టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పిన మనిషి. డైలీ మిర్రర్ పత్రిక అండతో వచ్చింది కనక ఆ పేరు. సామాన్యుడు తన ఇంట్లో తనే చేసుకోవాలన్నది ఉద్దేశం. డెబ్భై వేలకు పైగా తయారయ్యాయి. ఒళ్ళు నలభై అయిదు కిలోలు, అంటే అరబస్తా ధాన్యం కంటే కొంచెం ఎక్కువ. తెరచాప కొయ్య పొట్టిది. దాని మీదికి ఇంకో కర్ర ఎక్కి, కొంగ మెడ చాచినట్టు పైకి సాగుతుంది. దించితే కర్రలన్నీ పడవ కడుపులోనే పడుకుంటాయి, కారు వెనక రెండు చక్రాల బండి మీద లాక్కుపోవచ్చు. ముసలితనానికి సరిపడేట్టు గీశారా అనిపిస్తుంది.

దోషం చెప్పకపోతే విమర్శ కాదు. దీని ముక్కు చప్పిడి. పడవ అనగానే మనకు గుర్తొచ్చే కోటేరు ముక్కు కాదు, ఎవరో కత్తితో కోసేసినట్టుంటుంది. మొదటి ఏడాది అటువైపు చూడబుద్ధయ్యేది కాదు. పోనుపోను తెలిసింది, పొట్టి పడవకి ముక్కు కోసుగా తీస్తే ముందుభాగంలో కాలు పెట్టుకునే చోటుండదనీ, పలకల్ని అంతగా మెలి తిప్పాల్సి వస్తుందనీ. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. హారం నడుముకి కట్టుకుంటే నవ్వులపాలే. ఈ ముక్కు ఈ పడవకే తగింది. ఇప్పుడు కోటేరు ముక్కు పెడతానంటే నేనే వద్దంటాను.

కుట్టడం మాత్రం మనకి ఇంగ్లండు నేర్పిన విద్య కాదు. నా పడవ మీద నా మురిపెమంతా ఇక్కడే ఉంది. గుడివాడకి పక్కనే బందరు. అక్కడ తీరం మెరక, ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేసేవి. ఒడ్డుకీ ఓడకీ మధ్య సరుకునీ మనుషుల్నీ మోసినవి కుట్టుపడవలు. ఈ తీరమంతటా అలల మీద నడిచినవి అవే. తెల్లవాళ్ళు వాటిని మసులా బోట్లు అన్నారు. ఆ పేరు బందరుకున్న మరో పేరు మసులీపట్నం నుంచే వచ్చిందని కొందరి మాట, కాదని కొందరిది. మనవాళ్ళు ఉత్తినే పడవ అన్నారు. పలకల అంచుల వెంట బెజ్జాలు, సందులో పీచు కూరి, కొబ్బరితాడుతో కుట్టు. లోపల పక్కటెముకల్లాంటి వాసాలు లేవు. మేకులు కొట్టి బిగించిన పడవ నురుగు అలల్లో ఇసక మీద పడితే పగులుతుంది. కుట్టుపడవ ఒళ్ళు వదులు చేసుకుని దెబ్బని తాడు మీదికి పంచుకుంటుంది. నా పడవకి జిగురు ఉంది గనక అంత వదులు లేదు. కానీ బోర్లించి చూస్తున్నప్పుడల్లా ఆ రాగిచుక్కల వెనక కొబ్బరితాడు కనిపిస్తుంది.

తెరచాప ఎర్రది. పూర్వం నూలు తెరచాపలు మురిగిపోకుండా చెక్కరసంలో నానబెట్టేవారు, దాంతో ఎర్రబారేవి. మన జాలర్లు నూలు వలలకి తుమ్మచెక్క కషాయం పట్టించింది కూడా అందుకే. ఇప్పటి పాలియెస్టరుకి ఆ అవసరం లేదు. అయినా నేను ఎరుపే కొన్నాను. పక్క ఊరు పెడనలో కలంకారీ గుడ్డని కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసి, పటికతో అద్దకం వేసి, రంగులో ఉడకబెడితే పైకి తేలే ఎరుపు చూస్తూ పెరిగినవాణ్ణి, తెల్ల తెరచాప నా కంటికి ఆనలేదు.

నీళ్ళు కావాలంటే కృష్ణ ఒడ్డున నాగాయలంక పోవాలి. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. బండి మీద పడవ వెళుతుంటే కూచిపూడి దాటేప్పుడు ప్రతిసారీ ఒకే సంగతి తడుతుంది. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి జరుగుతుంది చూడండి, గాలిలో పడవ ఒరిగినప్పుడు అంచు మీద కూర్చున్నవాడి పని అదే. ఒళ్ళు కాస్త వెనక్కి వాలితే పడవ లేస్తుంది, ముందుకొస్తే ఒరుగుతుంది. పళ్ళెం కదలాలి, పడకూడదు.

నాగాయలంక ఉన్నది దివిసీమలో. 1977 నవంబరు 19 తర్వాత ఇక్కడ నీటిని ముద్దు చెయ్యాలంటే మనసు జంకుతుంది. ఉప్పెన వేలమందిని తీసుకుపోయిన నేల ఇది. నేను నది దాటి సముద్రంలోకి పోను, లైఫ్ జాకెట్టు తొడుక్కోకుండా దిగను. అంతకుమించి ఆ మాట ఇక్కడ ఎత్తను.

మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. మొదట తెరచాప పటపటా కొట్టుకుంటుంది, ఇంటిమీద పరదా చిరిగినట్టు చెవులు బద్దలయ్యే చప్పుడు. తాడు జానెడు లాగుతాను. చప్పుడు ఆగిపోతుంది. గుడ్డకి బొజ్జ వస్తుంది, పడవ కదులుతుంది, అడుగున నీళ్ళు గుసగుసలాడతాయి. ఆ ఆగిపోవడం కోసమే ఇంత దూరం వస్తాను. గాలి నిండాక తెరచాప మాట్లాడదు.

“ఎదురుగాలండి మాస్టారూ, ఇంజను బిగించుకోరాదా?” అంటాడు రేవులో పడవాయన, వెళ్ళిన ప్రతిసారీ.

ఎదురుగాలికి తిన్నగా ఏ తెరచాపా పోలేదు. ఇటు ఏటవాలుగా కొంత, తిరిగి అటు ఏటవాలుగా కొంత. నడిమధ్య చీలికలోంచి నీళ్ళలోకి దింపిన పలక పక్కకి జారిపోకుండా పట్టుకుంటుంది. చిత్రకవిత్వంలో గోమూత్రికా బంధం గుర్తుందా? పై వరసలో ఓ అక్షరం, కింది వరసలో ఓ అక్షరం, ఎద్దు నడుస్తూ పోసిన జాడలా వంకలు తిరుగుతూ చదవాలి. క్లాసులో దాన్ని కసరత్తు అని తీసిపారేసేవాణ్ణి. కృష్ణమీద చదివాక తప్పు ఒప్పుకున్నాను. వంకలు తిరిగితేనే అర్థం ముందుకు పోతుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెంటగాలి. అలిసిన ఒళ్ళు ఇంటికి రావడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఇదంతా నెలకి రెండు పూటలు. తక్కిన రోజులన్నీ పెరట్లో. ఉప్పుకలిసిన నీళ్ళ నుంచి రాగానే బోరునీళ్ళతో కడగాలి, కర్రల చివళ్ళు కూడా. బండి చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టాలి. ఒకసారి బద్ధకించాను, చల్లపల్లి ఇవతల ఎండలో చక్రం పట్టేసింది. చెదలు రాకుండా బల్లకాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు. జిగురుకి ఎండ శత్రువు గనక ఏటా వార్నిషు. ఒక దుకాణంవాడు అంటగట్టిన డబ్బా ఒక్క వేసవికే పొలుసులు లేచింది. “ఆ పడవకి రాసిన వార్నిషు మన తలుపులకి రాస్తే ఇల్లు కొత్తదయ్యేది కదండీ,” అంటుంది మా ఆవిడ. నిజమే. మోకాళ్ళు వంగవు, పీట వేసుకుని గరుకు కాగితం పట్టి రుద్దుతుంటాను. ఏ పొర కింద ఏ ఏడు ఉందో, ఏ చుక్క దగ్గర వడ్రంగి తీగ తెంపేశాడో, ఎక్కడ నేను మెలిక ఎక్కువ తిప్పి అంచు చితక్కొట్టానో వేళ్ళకి తెలుసు. నీళ్ళమీద రెండు గంటల్లో ఈ పద్యం ఓసారి వినబడుతుంది, అంతే. ప్రతిపదార్థం పెరట్లోనే దొరికింది. ముప్పైయ్యేళ్ళ వయసులో చేసుంటే ఆ చదివే ఓపిక నాకు ఉండేది కాదు.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ బోర్లిస్తాను. చూడాలనుకుంటే ఏడింటికల్లా రండి. ఎండ నెత్తిమీదికొస్తే ఆ గీత కనిపించదు.