అజహరుద్దీన్ – కీర్తి, అపకీర్తి

క్రీడాకారుని గొప్పతనమును నిర్ణయించుటకు అతని ఆట ఒక్కటియే చాలునా, లేక నడవడియు గణనకు రావలెనా? కోలారు బంగారు గనులలోని మన తెలుగు ఇండ్లలో ఈ ప్రశ్న నేటికిని వాదమునకు కారణమగుచున్నది. ఆ వాదమంతయు హైదరాబాదు బిడ్డయైన మహమ్మద్ అజహరుద్దీన్ గారిని గూర్చియే.

1984 డిసెంబరు 31న కలకత్తాలో ప్రారంభమైన టెస్టులో ఆయన తొలిసారి ఆడిరి. కలకత్తా, మదరాసు, కాన్పూరు నగరములలో మొదటి మూడు టెస్టులందును మూడు శతకములు సాధించిరి. అప్పుడు నేను గని కార్యాలయమున గుమాస్తాను. రేడియో చుట్టు మూగిన మాకు ఆ మూడవ శతకము ఇంటిలోని శుభకార్యమువలె తోచినది. మొత్తము 99 టెస్టులు, 6,215 పరుగులు, 22 శతకములు. మూడు ప్రపంచ కప్పు పోటీలలో జట్టు నాయకత్వము. ఆఫ్ స్టంపునకు ఆవల పడిన బంతిని మణికట్టు తిప్పి లెగ్ వైపునకు పంపు ఆ సొగసును చూచినవారు మరువజాలరు. చివరి టెస్టు మనకు చేరువనే, బెంగుళూరులో, 2000 మార్చిలో దక్షిణాఫ్రికాతో జరిగినది. మనవారు ఓడిన ఆ ఆటలోను ఆయన 102 పరుగులు చేసిరి.

ఆ మరుసటి నెలలోనే పందెముల గుట్టు బయటపడినది. దక్షిణాఫ్రికా నాయకుడు క్రోనియే విచారణలో అజహరుద్దీన్ పేరెత్తెను. సి.బి.ఐ. విచారణ పిమ్మట, 2000 డిసెంబరులో, క్రికెట్ బోర్డు ఆయనపై యావజ్జీవ నిషేధము విధించెను. మూడు నెలలైనను తిరుగకమునుపే, 2001 ఫిబ్రవరి 28న, మన గనులు మూతపడినవి. నా సహోద్యోగి ఒకరు గోడనుండి అజహరుద్దీన్ పటమును దించివేసిరి. పటమున్న మేర సున్నము చాలకాలము తెల్లగానే నిలిచియుండెను.

2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పెను. తాను నిర్దోషినని ఆయన చెప్పుచున్నారు. కావున శిక్ష రద్దయిన మనుష్యుని దోషియని పిలుచుట న్యాయము గాదు. అయితే అభిమానులును ఒకటి గమనింపవలెను. న్యాయస్థానము శిక్షను తొలగింపగలదే గాని, మెడలో పూలదండ వేయుమని ఎవరిని శాసింపజాలదు. గౌరవము వేరు విషయము.

అమెరికా బేస్‌బాల్ ఆటలో పీట్ రోజ్ కథయు ఇట్టిదే. 4,256 హిట్లతో ఆతడు అందరిని మించెను. పందెములు కాసెనని 1989లో నిషేధింపబడెను. నిషిద్ధులకు కీర్తిమందిరమున ప్రవేశము లేదని 1991లో నియమము చేసిరి. ఆతడు 2004లో తప్పు ఒప్పుకొనెను, 2024లో మరణించెను. నిషేధము తొలగించినది 2025 మే నెలలో! మనిషి పోయినపిదప తలుపు తెరచుట క్షమయు గాదు, న్యాయమును గాదు.

హైదరాబాదులో వివాదము మరియొక రూపము దాల్చినది. 2019లో, ఆయన హైదరాబాదు క్రికెట్ సంఘమునకు అధ్యక్షులై యున్నప్పుడే, ఉప్పల్ మైదానపు ఉత్తర స్టాండునకు ఆయన పేరు పెట్టబడెను. 2025 ఏప్రిల్‌లో ఆ సంఘపు అంబుడ్స్‌మన్ పేరు తొలగింపుమనిరి. హైకోర్టు దానిని నిలిపివేసెను. ఇది పందెముల మాట గాదు, పదవి మాట. ఆ స్టాండునకు తగిన ఆట ఆయన ఆడినారనుటలో నాకు సందేహము లేదు. కాని గౌరవము ఇతరుల చేతులనుండి రావలెను. తాను పెద్దగానున్న సభ తనకు చేసిన సన్మానము ఎంతటి యోగ్యునికైనను శోభింపదు.

ఇక నా అభిప్రాయము. గుమాస్తాగిరిలో నేను నేర్చిన మొదటి పాఠమిది: రిజిస్టరులో పద్దును గీకి చెరుపరాదు. పాత అక్షరములు కనబడునట్లే ఎఱ్ఱసిరాతో గీత గీసి, ప్రక్కన కారణము వ్రాసి, పొడిసంతకము చేయవలెను. అజహరుద్దీన్ గారి పేరును కీర్తిమందిరమున ఉంచవచ్చును; తనకు సంబంధములేని పెద్దలు ఎన్నుకొనవలెను; పరుగుల ప్రక్కనే 2000 నాటి నిషేధమును, 2012 నాటి తీర్పును వ్రాయవలెను. దీనివలన పిల్లలు చెడిపోవుదురని కొందరందురు. పేరు చెరిపివేసినచో వారు నేర్చుకొనుటకు ఏమియు మిగులదు. పూర్తిగా వ్రాసినచో, ఎంతటి నైపుణ్యమునకైనను నమ్మకము తోడుండవలెనని వారే గ్రహింతురు.

పెద్దలు దీనిని యోచింతురు గాక.