స్వయం సృష్టి వ్యవస్థల సిద్ధాంతం – ఇంటర్నెట్ పాలన: విమర్శనాత్మక పరిశీలన

డేవిడ్ ఈస్టన్ రూపొందించిన రాజకీయ వ్యవస్థా నమూనాను మీరు గత యూనిట్‌లో చదివారు. పరిసరం నుంచి డిమాండ్లు, మద్దతు లోపలికి వస్తాయి. నిర్ణయాలు, విధానాలు బయటికి వెళ్తాయి. వాటి ఫలితం మళ్లీ లోపలికి చేరుతుంది. శాసనసభనో, జిల్లా పరిషత్తునో ఈ నమూనాతో వివరించడం కష్టం కాదు. ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. దానికి రాజధాని లేదు, ఓటర్ల జాబితా లేదు, మొత్తానికి జవాబుదారీగా ఉండే ప్రభుత్వమూ లేదు. అయినా ఒక వెబ్‌సైట్ పేరును ఏ దేశంలో టైప్ చేసినా అది ఒకే చిరునామాకు దారి చూపుతుంది. ఈ క్రమాన్ని వివరించడానికి స్వయం సృష్టి వ్యవస్థల సిద్ధాంతం పనికివస్తుందనే వాదన ఉంది. అది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

చిలీ జీవశాస్త్రవేత్తలు హంబెర్టో మతురానా, ఫ్రాన్సిస్కో వరేలా 1970ల తొలినాళ్లలో 'ఆటోపోయిసిస్' అనే మాటను ప్రవేశపెట్టారు. జీవకణం తన భాగాలను తానే తయారుచేసుకుంటుంది. ఆ భాగాలే కణాన్ని నిలబెడతాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమాన్ 1984లో వెలువరించిన గ్రంథంలో దీన్ని సమాజానికి వర్తింపజేశాడు. అతని దృష్టిలో సమాజం మనుషులతో కాక భావప్రసారాలతో ఏర్పడుతుంది. ఒక తీర్పు మరో తీర్పుకు ఆధారమవుతుంది, ఒక చెల్లింపు మరో చెల్లింపుకు దారితీస్తుంది. న్యాయవ్యవస్థ ఏ విషయాన్నైనా 'చట్టబద్ధమా, కాదా' అన్న ప్రశ్నగా మార్చుకున్నాకే వింటుంది. మనిషి వ్యవస్థలో భాగం కాదు, దాని పరిసరంలో ఉంటాడు. విద్యార్థులకు మింగుడుపడని వాక్యం ఇదే. మింగుడుపడకపోవడమే మంచిది, దాని సంగతి తర్వాత వస్తుంది.

మామూలు వ్యవస్థకూ, స్వయం సృష్టి వ్యవస్థకూ తేడా తెలియాలంటే హైదరాబాద్ దాటి పోనక్కరలేదు. పంజాగుట్ట చౌరస్తా ఒక వ్యవస్థ. వాహనాలు వస్తాయి, సిగ్నల్ ఆపుతుంది, రద్దీని బట్టి పోలీసు సమయాన్ని సవరిస్తాడు. కానీ చౌరస్తా వాహనాలను తయారుచేయదు. పక్కనే ఉన్న అమీర్‌పేటకు రండి. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్నవాళ్లలో కొందరు మరుసటి బ్యాచ్‌కు బోధకులవుతారు. ఒక కోర్సు నోట్స్ మరో కోర్సుకు మెటీరియల్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో ఏ మార్పు వచ్చినా అమీర్‌పేట దాన్ని 'కొత్త బ్యాచ్ ప్రారంభం' అనే తన భాషలోకి మార్చుకుంటుంది. అమీర్‌పేటను అచ్చమైన స్వయం సృష్టి వ్యవస్థ అనలేం. అయినా పంజాగుట్ట కంటే అది ఆ భావనకు చాలా దగ్గర.

అక్కడి నెట్‌వర్కింగ్ తరగతిలో డొమైన్ నేమ్ సిస్టమ్ గురించి, అది వాడే 53వ పోర్టు గురించి చెబుతారు. ఆ పేర్ల పట్టికను ఎవరు పాలిస్తారన్నది సిలబస్‌లో ఉండదు. ఆ పని 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థది. ఇంటర్నెట్ పాలనపై ప్రపంచ సమావేశాలు రెండుసార్లు మన నగరానికే వచ్చాయి. 2005 ట్యూనిస్ శిఖరాగ్ర సభ నిర్ణయంతో ఏర్పడిన ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు ఇక్కడ జరిగింది. చర్చించడమే తప్ప నిర్ణయించే అధికారం దానికి లేదు. ఐకాన్ 57వ సమావేశం 2016 నవంబరు 3 నుంచి 9 వరకు హెచ్‌ఐసీసీలో జరిగింది.

లూమాన్ దృష్టితో చూస్తే ఐకాన్ ఆశ్చర్యం కలిగించేంతగా సిద్ధాంతానికి సరిపోతుంది. కమిటీ కార్యాచరణ బృందాన్ని నియమిస్తుంది, బృందం ముసాయిదా రాస్తుంది, ముసాయిదాపై వ్యాఖ్యలు వస్తాయి, వ్యాఖ్యలపై మరో నివేదిక వస్తుంది. తన నియమావళిని సవరించే పద్ధతి కూడా ఆ నియమావళిలోనే ఉంటుంది. బయటి కోరిక ఏదైనా ఈ దారిలోనే లోపలికి రావాలి.

తెలుగు లిపి సంగతే తీసుకోండి. తెలుగుతో సహా ఏడు లిపుల్లో 'భారత్' అనే దేశ డొమైన్‌కు 2011లో చోటు దొరికింది. ఆ తర్వాత, ఇంటర్నెట్ పేర్ల మూలపట్టికలో ఏ తెలుగు అక్షరాలను ఏ క్రమంలో అనుమతించాలో తేల్చే పని వచ్చింది. బ్రాహ్మీ సంతతికి చెందిన తొమ్మిది లిపుల కోసం ఏర్పడిన నియో బ్రాహ్మీ ప్యానెల్ దాన్ని చేపట్టింది. తెలుగు నియమాలు 2019లో ఖరారయ్యాయి. 'మా భాషలో పేరు కావాలి' అన్నది మన కోరిక. వ్యవస్థ విన్నది వేరు. యూనికోడ్‌లో తెలుగుకు ఉన్న 128 స్థానాల్లో ఏవి సురక్షితం? ర, ల, జ వంటి అక్షరాలు కన్నడంలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి కదా, ఒక పేరును మరొకటిగా చూపి మోసం చేస్తే? ఇవి అనవసరమైన ప్రశ్నలు కావు. అయితే మాతృభాష గౌరవమనే మాట ఆ పట్టికలో ఏ గడిలోనూ పట్టదు. సిద్ధాంతం దీన్ని చక్కగా వివరిస్తుంది.

ఇప్పుడు అది తడబడే చోటు చూద్దాం. 2011 అక్టోబరులో భారత ప్రభుత్వం ఇంటర్నెట్ విధానాల కోసం 50 సభ్యదేశాల కమిటీని ఏర్పాటుచేయాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. అది ముందుకు సాగలేదు. 2015లో మన ప్రభుత్వమే వైఖరి మార్చుకుని, బహుళ భాగస్వాముల పద్ధతికి మద్దతు ప్రకటించింది. లూమాన్ అనుచరులు దీనికి చెప్పగల కారణం ఒకటే: దేశ సార్వభౌమత్వ భాషలో వచ్చిన ప్రతిపాదనను సాంకేతిక వ్యవస్థ వినలేకపోయింది. నా అభిప్రాయంలో ఇది సగం మాటే. వినలేకపోవడం వేరు, విననివ్వకపోవడం వేరు. అమెరికా, దాని మిత్రదేశాలు, పెద్ద వ్యాపార సంస్థలు, కొన్ని పౌరసంఘాలు కూడా ఆ ప్రతిపాదనను వ్యతిరేకించాయి. వ్యతిరేకించినవారికి పేర్లున్నాయి, ప్రయోజనాలున్నాయి. 'వ్యవస్థ స్వభావం' అనేస్తే ఆ పేర్లు కనుమరుగవుతాయి.

అంతకంటే మౌలికమైన అభ్యంతరం మరొకటి ఉంది. పేర్ల మూలపట్టిక నిర్వహణ పనిని ఐకాన్ అమెరికా వాణిజ్య శాఖ ఒప్పందం కింద చేసేది. ఆ ఒప్పందం 2016 సెప్టెంబరు చివరితో ముగిసింది. హైదరాబాద్ సభ ఆ తర్వాత జరిగిన మొదటి సమావేశం. అంటే తనను తాను సృష్టించుకుంటోందని మనం చెప్పుకునే వ్యవస్థ ఒక ప్రభుత్వం ఇచ్చిన కాగితం మీద 18 ఏళ్లు నడిచింది. జీవకణానికి ఎవరూ లైసెన్సు ఇవ్వరు. ఒప్పందం పోయినా సంస్థ కాలిఫోర్నియా చట్టం కిందే ఉంది. దీనిని 'నిర్మాణపరమైన జోడింపు' అని లూమాన్ పదజాలంలో సర్దిచెప్పవచ్చు. కానీ ఆ పదం ఏ జోడింపునైనా ఒకే బరువుతో తూస్తుంది. ఒప్పందాన్ని రద్దుచేయగల జోడింపుకూ, వ్యాఖ్య పంపి ఊరుకునే జోడింపుకూ తేడా చూపదు.

ఇక మనిషిని పరిసరంలో నిలబెట్టిన వాక్యం సంగతి. మన దేశంలో టెలికాం సేవలను తాత్కాలికంగా నిలిపివేయడానికి 2017 ఆగస్టులో నియమాలు వచ్చాయి, వాటి స్థానంలో 2024లో కొత్త నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఒక జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారనుకోండి. మూలపట్టిక చెక్కుచెదరదు, పేర్లన్నీ సరిగానే ఉంటాయి. ఐకాన్ లెక్కలో ఆ రోజు లోపమేమీ జరగలేదు. ఫోన్‌లో చెల్లింపులు తీసుకునే చిరువ్యాపారికి, ఆన్‌లైన్‌లో పరీక్ష ఫీజు కట్టాల్సిన విద్యార్థికి మాత్రం ఇంటర్నెట్ లేదు. లూమాన్ సిద్ధాంతంలో ఆ ఇద్దరి నష్టం వ్యవస్థ బయట పడుతుంది. పాలనను అధ్యయనం చేసేవారు లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.