ఉచితము – స్వేచ్ఛ

ఇంగ్లీషులో 'ఫ్రీ' అను ఒక్క మాటయే రెండర్థములను మోయుచున్నది. వెల లేకుండ దొరకునది ఫ్రీ. ఒకరి కట్టడి లేనిదియు ఫ్రీ. తెలుగునకు ఆ ఇబ్బంది లేదు. మొదటిదానిని ఉచితమనియు, రెండవదానిని స్వేచ్ఛ యనియు మనమందుము. సత్రములో పెట్టు భోజనము ఉచితము. మన ఇంటి పొయ్యిమీద మనకు నచ్చిన కూర వండుకొనుట స్వేచ్ఛ. సత్రపు భోజనమును నిందించుట నా ఉద్దేశము కాదు, ఆకలివేళ పెట్టినవాడు పుణ్యాత్ముడే. కాని సత్రమునే ఇల్లనుకొనరాదు. 1983లో అమెరికాలో గ్నూ అను పేర స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమును ప్రారంభించిన రిచర్డ్ స్టాల్‌మన్ గారు చాటి చెప్పుచున్నది ఈ భేదమునే. సెల్‌ఫోనును గూర్చియు, అంతర్జాలమును గూర్చియు మనవారు చేయు ప్రసంగములలో మాత్రము ఈ రెండును కలగాపులగమగుచున్నవి.

ఆ ప్రసంగములలో రెండు పక్షములు వినవచ్చుచున్నవి. "సర్వమును అరచేతిలోనికి వచ్చినది, ఇంక లోటేమి?" అని యువకులందురు. "పిల్లలు చెడుటకు ఇదియే మూలము, కట్టిపెట్టుడు" అని పెద్దలందురు. ఎంత దొరకుచున్నదని ఒకరును, ఎంత చెరచుచున్నదని ఒకరును లెక్కించుచున్నారే కాని, దొరకినదానిపై మనకు గల అధికారమెంత యని ఇరువురును అడుగుట లేదు. ప్రవాసాంధ్ర కుటుంబములకు ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు మా బరంపురము, పర్లాకిమిడి అందులో చేరినవి. నేడు మా పిల్లలలో పెక్కుమందికి బడిచదువు ఒడియాలోనో, ఇంగ్లీషులోనో జరుగుచున్నది. బళ్ళారిలో కన్నడము, హోసూరులో తమిళము, షోలాపూరులో మరాఠీ. సంగతి మాత్రము ఇంచుమించు ఒక్కటియే. తెలుగు చెవికి తెలిసియు కంటికి తెలియని తరము పెరుగుచున్నది. ఆ తరమునకు ఈ క్రొత్త సాధనము తోడుపడునా, పడదా యని చూడవలెను.

నేను గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. రికార్డు గదిలోని కాగితమును మేము నాలుగు విధముల పరీక్షించెడివారము. వెదకిన దొరకునా? నకలు తీసికొనవచ్చునా? తప్పున్నచో దిద్దవచ్చునా, దిద్దినవాని పొట్టి సంతకము ప్రక్కన నిలుచునా? ఆఫీసు మరియొక చోటికి మారినను కాగితము దక్కునా? ఈ నాలుగు ప్రశ్నలే అంతర్జాలమునకును చాలునని నా అభిప్రాయము.

మన దేశమున ఉచితమునకును స్వేచ్ఛకును గల భేదము బహిరంగముగా చర్చకు వచ్చినది 2015లో. ఫేస్‌బుక్కు సంస్థ ఒక టెలిఫోను కంపెనీతో కూడి, తన పథకమున చేర్చుకొనిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రము డేటా ఖర్చు లేకుండ చూపు ఏర్పాటు చేసి, పిమ్మట దానికి 'ఫ్రీ బేసిక్స్' అని పేరు పెట్టినది. బీదవానికి కొంతయైనను దొరకుట మేలు కదా యని కొందరును, ఏది చూడదగినదో ఇచ్చువాడే నిర్ణయించుట తగదని కొందరును వాదించిరి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సంస్థ, చూచు విషయమునుబట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టరాదని ఉత్తరువు చేసినది. మొదటి పక్షమువారి జాలి నిజమైనదే. అయినను ఆ ఉత్తరువు న్యాయమని నేను తలంతును. ఎంచువాడు పెద్ద బజారును చూచి ఎంచును గాని, బరంపురము బిడ్డకు కావలసిన తెలుగు వాచకమును చూచి ఎంచడు.

ఇక ఇంటింటను గల వాట్సాప్ మాట. దూరపు ఊళ్ళలోని అన్నదమ్ములను ఒకచోట చేర్చినందుకు దానిని మెచ్చుకొనవలసినదే. లిపి రాని మనుమడు అమ్మమ్మకు తన గొంతుతో తెలుగున కబురు పంపుచున్నాడు; ఇది చిన్న మేలు కాదు. కాని వ్రాత దగ్గరకు వచ్చునప్పటికి తెలుగు రోమను అక్షరముల పాలగుచున్నది. తాతగారి కళ్ళు అని వ్రాసినను, తాతగారి కల్లు అని వ్రాసినను ఆ అక్షరములలో ఒక్క తీరుననే యుండును. లిపి రానివానికి అది దాటుటకు వేసిన తాటిదూలమనుకొందము. దూలముపై కాపురము పెట్టరాదు. రోమను అక్షరములు నొక్కినను తెరపై తెలుగు లిపి వచ్చు ఉపాయము నేటి ఫోన్లలోనే యున్నది. దానిని వాడినచో చేయి ఎరిగిన దారినే కన్ను తెలుగును నేర్చుకొనును.

మన నాలుగు పరీక్షలలో వాట్సాప్ నకలు విషయమున మాత్రము నెగ్గుచున్నది. బొమ్మగా వచ్చిన పద్యము ఆరు నెలల తరువాత వెదకిన చిక్కుట కష్టము. ఫోను మార్చునపుడు జాగ్రత్తపడనిచో పాత సంభాషణలు పోవచ్చును. వేమన పేర తిరుగుచున్న పద్యము వేమనది కాదని తెలిసినవారు చెప్పినను, ఆ దిద్దుబాటు పద్యము పోయినంత దూరము పోదు.

పుస్తకముల విషయము వేరు. రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానమందిన తెలుగువారు. ఆయన ముందు నిలిచి నడిపిన పది లక్షల పుస్తకముల పథకముతో కూడి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగు గ్రంథముల పుటలను ఛాయాచిత్రములుగా తీసినది. ఇట్టి ఉపకారము చేసినవారికి తెలుగుజాతి ఋణపడియున్నది. అయినను పట్టికలో గ్రంథముల పేర్లు రోమను లిపిలో, తప్పులతడకగా ఎక్కినవి. ఇండెక్సు తప్పిన ఫైలు ఉండియు లేనట్టిదే. పిమ్మట ఆ వెబ్‌సైటే మూతపడినది. అంతకు ముందే కొందరు నకళ్ళు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో చేర్చుటచేతనే ఆ పుస్తకములు నేడు మనకు దక్కుచున్నవి. నకలు తీయు స్వేచ్ఛ లేకున్నచో ఏమగునో చెప్పుటకు వేరొక సాక్ష్యమక్కరలేదు.

నాలుగు పరీక్షలకును నిలుచు చోటు నాకు తెలిసినంతలో తెలుగు వికీసోర్సు. మన 1957 నాటి కాపీహక్కుల చట్టము ప్రకారము, రచయిత బ్రతికియున్నప్పుడు వెలువడిన గ్రంథముపై హక్కు ఆయన గతించిన పిమ్మట 60 సంవత్సరములు నిలుచును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయత్వము చేసి, వ్యవహార భాషకొరకును, సవరల భాషకొరకును పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో గతించిరి. కనుక ఆయన జీవితకాలమున అచ్చయిన గ్రంథములు నేడు అందరి సొత్తు. ఇట్టి గ్రంథముల పుటను ఒక ప్రక్క నుంచి, రెండవ ప్రక్క దానిని అక్షరములుగా ఎక్కించుట వికీసోర్సువారి పద్ధతి. దిద్దని పుటకు ఎరుపు, ఒకరు దిద్దినదానికి పసుపు, రెండవవారు సరిచూచినదానికి ఆకుపచ్చ గుర్తు పెట్టుదురు. ఎవరు ఎప్పుడు ఏ అక్షరము మార్చిరో చరిత్రలో నిలుచును. వెదకిన మాట దొరకును. ఎవరైనను నకలు తీసి అచ్చు వేసికొనవచ్చును.

ఇందును లోపములు లేకపోలేదు. పనిచేయువారు కొద్దిమంది. సోదర సంస్థయగు తెలుగు వికీపీడియాలో గ్రామముల పుటలు పెక్కు ఒకే అచ్చున పోసినట్లున్నవి. ఎవడైనను వ్రాయగల చోట తప్పులుండునను ఆక్షేపణయు నిజమే. కాని దిద్దుటకు వీలున్న తప్పునకును, వీలులేని తప్పునకును చాల భేదమున్నది. మన వీధుల పేర్లు, మన నాటక సమాజములు, ఒడియాతోనో తమిళముతోనో కలసిన మన పలుకుబడి ఇవి అందులో చేరవలెనన్న, హైదరాబాదు నుండి ఎవరో వచ్చి వ్రాయుదురని ఎదురుచూచుట వ్యర్థము. తలుపు తెరచియున్నది, లోనికి పోవలసినది మనమే.

తుదకు మన ఇంటి సంగతి. యూనికోడ్ పద్ధతిలో 1991లోనే తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను అచ్చాఫీసులలో పెక్కు ఏండ్లుగా అను ఫాంటు వంటి వేరు పద్ధతులలో కూర్చుట వాడుకయైనది. ఆ ఫాంటు లేని యంత్రములో ఆ వ్రాత అర్థము లేని రోమను గుర్తులుగా కనబడును. సంఘముల ప్రత్యేక సంచికలు అట్లు కూర్చబడినచో, వందల ప్రతులు పంచిన పిమ్మట బీరువాలో మిగిలినవే మిగులును. చెదలు పట్టినచో అవియు లేవు.

కావున సంఘములవారికి నా మనవి మూడు విషయములు. ఇకముందు సంచికలను యూనికోడ్ తెలుగున కూర్చమని అచ్చాఫీసువారిని కోరుడు. రచయితల సమ్మతి వ్రాతపూర్వకముగా తీసికొని, నకలు తీసికొనుటకు అందరికి హక్కునిచ్చుచు వానిని అంతర్జాలమున నుంచుడు. ఆదివారము నాడు ఒక గంట పిల్లలను కూర్చుండబెట్టి, పాత పుస్తకపు పుట ఒకటి వారిచేత తెలుగు లిపిలో ఎక్కింపుడు. లిపి రాని బిడ్డ ప్రక్కన లిపి వచ్చిన పెద్దలు కూర్చుందురుగాక. ఖర్చు స్వల్పము. ఈ సంచికతోనే ఆరంభింపవచ్చును. ఈ వ్యాసమునకు నా సమ్మతి దీనితో ఇచ్చుచున్నాను.