అభిప్రాయ సేకరణ లెక్కలు – బ్యాంకు డిపాజిట్లు

2018 ఏప్రిల్ నెలలో ఆంధ్రదేశమున పెక్కు ఏ.టి.ఎం.లు నగదులేక మూతపడినవి. ఆ నెల మొదటి 13 దినములలోనే నోట్ల సరఫరా 45,000 కోట్ల రూపాయలు పెరిగినదనియు, గిరాకీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మొదలగు రాష్ట్రములలో హెచ్చుగా ఉన్నదనియు కేంద్ర ఆర్థికశాఖ ప్రకటించినది. దీనికి కొందరు కర్ణాటక ఎన్నికలను కారణముగా చూపిరి. మరికొందరు 2017 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టబడిన ఎఫ్.ఆర్.డి.ఐ. బిల్లును చూపిరి. బ్యాంకు దివాలా తీసినచో డిపాజిట్ల సొమ్ము పోవునేమో అను భయము ఆ బిల్లువలన కలిగినది. 2018 ఆగస్టులో ప్రభుత్వము దానిని ఉపసంహరించినది.

ఇట్టి సమయములలో కొందరు సులభోపాయమొకటి చెప్పుదురు. “మీ సొమ్ము తీసికొందురా?” అని వేయిమందిని అడిగి, అవునన్నవారి శాతమును మొత్తము డిపాజిట్లకు వర్తింపజేయుటయే అది. ఈ పద్ధతిలో లోపములు పెక్కు గలవు.

మొదటిది: సర్వే తలలను లెక్కించును, బ్యాంకు రూపాయలను లెక్కించును. ఒక డెల్టా గ్రామమున పదిమంది ఖాతాదారులు ఉన్నారనుకొనుడు. తొమ్మండుగురికి తలా 10,000 రూపాయలు, ఒక ఆసామికి 9,10,000 రూపాయలు కలవు. ఆ తొమ్మండుగురు తీసికొందుమన్నచో సర్వే 90 శాతము చూపును. పోవు సొమ్ము 9 శాతమే. ఆసామి ఒక్కడే తీసికొన్నచో సర్వే చూపునది 10 శాతము. పోవునది 91 శాతము!

రెండవది: ఎవరిని అడిగితిమన్నది ముఖ్యము. విజయవాడలో బ్యాంకు క్యూలో నిలిచినవారినే ప్రశ్నించినచో, నెలకు నాలుగుసార్లు వచ్చువాడు ఒక్కసారి వచ్చువానికంటె నాలుగురెట్లు ఎక్కువగా చిక్కును. బాల్యమున నూజివీడు, నందిగామలలో చదివిన సి.ఆర్. రావు ఇట్టి పక్షపాతమును సరిదిద్దు గణితమును 1965లో వివరించెను.

మూడవది: మాట వేరు, చేత వేరు. వడ్డీ సున్నకు దిగువకు పోయినచో ఖాతాలనుండి సొమ్ము తీయుదుమని ఐ.ఎన్.జి. సంస్థ 2015 సర్వేలో నూటికి 77 మంది చెప్పిరి. కాని “తీయుట” అనగా నోట్లు ఇంటికి తెచ్చుటయే కాదు. షేర్లు కొనుటయు తీయుటయే. పైగా ఐరోపాలో సామాన్య ఖాతాదారులలో చాలమందికి బ్యాంకులు అట్టి వడ్డీ వేయనేలేదు. కావున ఆ 77 పరీక్షకే నిలువలేదు.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరము. వేయిమందిని యాదృచ్ఛికముగా ఎన్నుకొన్నచో పొరపాటు సుమారు 3 శాతమే అందురు. అది ఆనాటి అభిప్రాయమును కొలుచుటలోని పొరపాటు. రేపటి నడతకు హామీ కాదు. వాన వచ్చునన్నంత మాత్రమున వాన రాదు. కాని “అందరును సొమ్ము తీయుచున్నారు” అన్నచో, తీయదలపనివాడును పరుగెత్తును. గట్టి బ్యాంకు సైతము ఇట్లు కూలవచ్చునని డైమండ్, డిబ్విగ్ అను ఆర్థికవేత్తలు 1983లో నిరూపించిరి. వారికి 2022లో నోబెల్ బహుమానము లభించినది.

అట్లని సర్వేలు నిరర్థకములు కావు. ఖాతా పరిమాణమును బట్టి వాటిని తూచవలెను. సొమ్ము ఎచ్చటికి పోవునో అడుగవలెను. నిజమైన దినసరి ఉపసంహరణలను గత సంవత్సరముల సార్వా కోతలతోను, సంక్రాంతితోను పోల్చవలెను. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల రూపాయలవరకు డిపాజిట్టుకు భీమా కలదని సర్వే ఫలితముతోపాటు ప్రచురింపవలెను. లెక్క తప్పి నోట్లు వేరొకచోటికి పోయినచో, కోతకూలీ ఆ సాయంత్రము వట్టిచేతులతో ఇల్లు చేరవలసి వచ్చును.