గుణింతము లేని అక్షరజ్ఞానము

ప్రోగ్రాములలోని దోషములు రెండు తెరగులు. కొన్ని వెంటనే బయటపడును. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' రూపమొకటి ఆపిల్ ఫోనులలోని అనువర్తనములను స్తంభింపజేయగా, ఆ సంస్థ అదే నెల 19న 11.2.6 కూర్పుతో దానిని సవరించినది. మరికొన్ని చప్పుడు చేయక తప్పు ఫలితము నిచ్చుచుండును. పైథాన్ భాషలో అట్టి దోషమొకటి కలదు. తెలుగువారు దానిని తప్పక విమర్శింపవలసియున్నది.

పైథాన్‌లో పదములను వెదకుటకు 'ఆర్‌ఈ' అను విభాగము కలదు. అక్షరము, అంకె, క్రిందిగీత, వీనిని మాత్రమే అది పదములోని భాగములుగా నెంచును. యూనికోడ్ పట్టికలో అచ్చులు, హల్లులు 'అక్షర' వర్గమునకు చెందును. దీర్ఘము, గుడి, కొమ్ము మున్నగు గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు 'చిహ్న' వర్గమునకు చెందును. కనుక ఈ విభాగము దృష్టిలో అవి పదమునకు వెలుపలివి. 'హుస్నాబాద్' అను పేరులో 5 హల్లులు, 3 గుణింతపు గుర్తులు, 2 పొల్లులు, మొత్తము 10 సంకేతములు కలవు. పదములను లెక్కింపుమన్నచో హ, స, న, బ, ద అని 5 పదములు తేలును!

వింత యేమన, 2008లో వెలువడిన 3.0 కూర్పు మొదలు చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుటకు ఇదే పైథాన్ అనుమతించినది. అచ్చట గుణింతము పేరులో భాగమే. ఒకే భాషలో ఒక చేత నిచ్చి మరియొక చేత తీసికొనుట యిది.

ఈ విభాగముపై ఆధారపడి టెక్స్ట్ ఎడిటరును నిర్మించినచో కలుగు హాని చూడుడు. విద్యార్థి యొక లెక్కలో 'క', 'కాలం' అను రెండు చలరాశులను వాడెననుకొందము. 'క' అను పూర్తి పదమును మాత్రమే 'గ'గా మార్చుమని ఆజ్ఞాపించినచో 'కాలం' కూడ 'గాలం' అగును. 'క' తరువాతి దీర్ఘమును యంత్రము పదాంతముగా భావించుటయే యిందుకు కారణము.

ఈ లోపము 2007లోనే పైథాన్ నిర్మాతల దృష్టికి వచ్చినది. అయినను 2023 నాటి 3.12 కూర్పునందును నిలిచియున్నది. నిర్వచనమును మార్చినచో పాత ప్రోగ్రాముల ఫలితములు మారునని వాదింపవచ్చును. ఆ సంకోచము న్యాయమైనదే. కాని యూనికోడ్ వారి మార్గదర్శక సూత్రములే చిహ్నములను పదములో చేర్చుమని చెప్పుచున్నవి. 'రెజెక్స్' అను వేరొక విభాగము అట్లే చేయుచున్నది. మార్గము లేక కాదు, ఆంగ్లమునకు ఇబ్బంది లేకపోవుటచే తొందర లేదు.

కొందరు ఎడిటరులో ఒక్కొక్క పదమునకు మినహాయింపులు చేర్చి సరిపెట్టుదురు. అది కారుచున్న కప్పు క్రింద గిన్నె నుంచుట వంటిది. పేరుకు పైథాన్ భాష యిచ్చు నిర్వచనమునే ఎడిటరును పాటించుట సరియైన చికిత్స. అంతవరకు తెలుగు పాఠమును లెక్కించువారు యూనికోడ్‌లో తెలుగునకు కేటాయించిన 3072 నుండి 3199 వరకు గల 128 స్థానములను పదములోని భాగములుగా స్వయముగా పేర్కొనవలెను. ఉపాధ్యాయులు కొత్త ఎడిటరును తరగతికి తెచ్చుటకు ముందు 'క', 'కాలం'తో పరీక్షింతురుగాక. 'గాలం' వచ్చినచో దోషము విద్యార్థిది కాదు.