తుంగగడ్డ తవ్వే చేయి

హైదరాబాద్ కాలనీ పార్కుల్లో పచ్చికను చూసి మురిసిపోతాం గానీ, దాని మధ్య గొంతుకూర్చుని కలుపు తీసే ఆమెను చూడం. కలుపు మందు కొట్టకుండా తుంగను వదిలించడం ఎంత నేర్పుతో కూడిన పనో ఆ చేతుల దగ్గరే తెలుస్తుంది. పైన పీకితే తెగిపోతుంది, లోపలి గడ్డ నుంచి మళ్లీ మొలుస్తుంది. అందుకే ఆమె తుంగ మొదలు పక్కన బొరిగెను ఏటవాలుగా దించి, మట్టిని గుల్లచేసి, వేరు వెంట వేలు పోనిచ్చి, నల్లటి గడ్డతో సహా పైకి తీస్తుంది. పక్కనున్న గరిక కణుపు కదిలితే అరచేత్తో అదిమి సర్దుతుంది. ఆ గుంటలో జల్లించిన వానపాముల ఎరువు గుప్పెడు, కాస్త వేపపిండి. కోతలోనూ అంతే ఒద్దిక: ఎత్తులో మూడో వంతుకు మించి కత్తిరించరు. రాలిన తుంపులను అక్కడే వదిలేస్తారు, అవే కుళ్లి నత్రజనిని నేలకు తిరిగిస్తాయి. నీళ్లు తెల్లవారుజామునే, వేళ్ల లోతుకు దిగేలా. ఈ ఓపిక వల్లే పిల్లలు ఆ గడ్డిలో వట్టి కాళ్లతో పరుగెత్తి దొర్లుతున్నారు, గోరింకలు పురుగులు ఏరుకుంటున్నాయి. మందు డబ్బా కంటే ఆ బొరిగె ఎంతో గొప్ప పనిముట్టని నా నమ్మకం. మీ పార్కులో మందు కొట్టించే ముందు, తగిన కూలి ఇచ్చి ఆమెను పిలవండి.