పేరు ఎవరిది? - ‘సిజ్వే బన్సీ ఈజ్ డెడ్’ నాటకం గురించి

మనకి పాస్‌బుక్ అంటే బ్యాంకుదో, పొలానిదో గుర్తొస్తుంది. దక్షిణాఫ్రికా నల్లవాళ్ళకి ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. 1952 చట్టం ప్రకారం పదహారేళ్ళు నిండిన నల్లవాళ్ళు ఆ పుస్తకం వెంట పెట్టుకునే తిరగాలి. అందులో ఫోటో, నంబరు, పని ఇచ్చిన దొర సంతకం ఉంటాయి. సరైన ముద్ర లేకుండా పట్టణంలో 72 గంటలు దాటి ఉంటే నేరం. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో ఈ పుస్తకాల్ని వ్యతిరేకించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క ప్రకారమే 69 మంది చచ్చిపోయారు. 1986లో గానీ ఆ చట్టాలు రద్దు కాలేదు.

ఈ పుస్తకం చుట్టూ అల్లిన నాటకమే ‘సిజ్వే బన్సీ ఈజ్ డెడ్’. 1972లో కేప్‌టౌన్‌లోని స్పేస్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. కథ పోర్ట్ ఎలిజబెత్ పక్కనున్న నల్లవాళ్ళ వాడ న్యూ బ్రైటన్‌లో జరుగుతుంది. పని వెతుక్కుంటూ కింగ్ విలియమ్స్ టౌన్ నుంచి వచ్చినవాడు సిజ్వే. చదువు రాదు. పోలీసులు తన పుస్తకంలో వేసిన ముద్రకి అర్థమేమిటో బుంటు అనే అతను చదివి చెబితేగానీ తెలియదు: ఊరు విడిచి వెనక్కి పోవాలి. ఇంటి దగ్గర భార్య, నలుగురు పిల్లలు. ఒక రాత్రి తాగి వస్తున్న ఈ ఇద్దరికీ సందులో ఒక శవం కనబడుతుంది. శవం జేబులో పుస్తకం. పేరు రాబర్ట్ జ్వెలింజీమా. అందులో పట్టణంలో పని వెతుక్కోడానికి అనుమతి ఉంది. ఫోటోలు మార్చేస్తే చాలు, సిజ్వే బతుకుతాడు. కాకపోతే సిజ్వే అనే పేరు చావాలి.

సిజ్వే వెంటనే ఒప్పుకోడు. నా పేరు పోతే నేనేమవుతాను అంటాడు. ఈ ఘట్టాన్ని పట్టుకొని చాలామంది ‘మనిషి అస్తిత్వ వేదన’ అని రాస్తారు. నాకు మాత్రం బుంటు మాటలే అసలు నాటకం అనిపిస్తుంది. పేరు పేరంటావు, పోలీసు నిన్ను పేరు పెట్టి పిలిచాడా, నంబరే కదా అడిగాడు అన్నది అతని వాదన సారం. పరువు అనేది కడుపు నిండినవాడి పేరుకే ఉంటుందని, మిగిలినవాడికి పేరు కూడా ఒక బరువేనని అతను నిర్మొహమాటంగా చెబుతాడు. ఆ తర్వాత పోలీసు అడిగితే, ఫోర్‌మన్ అడిగితే ఎలా చెప్పాలో నేర్పుతూ చచ్చినవాడి నంబరుని సిజ్వే చేత వల్లె వేయిస్తాడు. ప్రేక్షకులు నవ్వుతారు. చదువు రాని మనిషి నేర్చుకుంటున్న మొదటి పాఠం అదే అని తోచాక నవ్వు ఆగిపోతుంది.

నేను యూనివర్సిటీలో చేరిన కొత్తలో హాస్టల్ సీటు రాక ఊళ్ళో గది వెతుక్కున్నాను. మూడిళ్ళల్లో ‘మీరేమిట్లు?’ అన్న దగ్గరే మాట ఆగిపోయింది. నాలుగో ఇంట్లో ఇంటిపేరు మార్చి చెప్పాను. గది దొరికింది. రెండేళ్ళున్నాను. మా నాయన సంచిలో బియ్యం పోసుకొని నన్ను చూడ్డానికొస్తే, బస్టాండులోనే టీ తాగించి తిరుగు బస్సెక్కించాను. గది చూపించలేదు. ఆయన అడగనూ లేదు. ఈ నాటకం చదువుతుంటే నాకా బస్టాండే కళ్ళ ముందు తిరిగింది.

అంతమాత్రాన రెండూ ఒకటే అనడం తప్పు. అక్కడ చట్టమే మనిషిని వేరు చేసింది. ఇక్కడ రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, ఇల్లుగలామె మాత్రం చెయ్యలేదు. అక్కడి పుస్తకం మనిషిని వెళ్ళగొట్టడానికి పుట్టింది. మన కుల ధ్రువీకరణ పత్రం హక్కు అడగడానికి పనికొస్తుంది. ఆఫీసులో చూపించే పేరునే అద్దె ఇంటి దగ్గర దాచుకోవడం మన బతుకులోని మెలిక. ఈ తేడా చూడకుండా పోలికలు కడితే ఇద్దరికీ అన్యాయమే.

ఇక రంగస్థలం బయటి పేరు సంగతి. దీన్ని చాలాచోట్ల ‘ఫ్యూగార్డ్ నాటకం’ అనే అంటారు. 1974లో అచ్చయినప్పుడే ముగ్గురూ కలిసి తయారు చేశారని ఉంది: అథోల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ న్‌ట్షోనా. ముందే రాసుకున్న ప్రతి లేదు. ఆడుతూ, మాట్లాడుతూ అల్లుకున్నారు. ఫోటోగ్రాఫర్ స్టైల్స్ మొదట్లో చెప్పే ఫోర్డ్ ఫ్యాక్టరీ కథలో, ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన కానీ అనుభవం ఉంది. ఆ రోజుల్లో నల్లవాడికి ‘నటుడు’ అనే వృత్తిని చట్టం ఒప్పుకోలేదు. అందుకని వీళ్ళిద్దర్నీ ఫ్యూగార్డ్ ఇంటి పనివాళ్ళుగా నమోదు చేయించుకోవాల్సి వచ్చింది! పేరు మార్చుకున్నవాడి కథ ఆడటానికి నటులు వృత్తి మార్చి రాయించుకున్నారు.

ఫ్యూగార్డ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1967లో ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుంది. కానీ 1976లో ట్రాన్స్‌కీలో ఈ నాటకం ఆడాక జైల్లో పెట్టింది నల్ల నటులిద్దర్నే. 1975లో వాళ్ళకి కలిపి టోనీ అవార్డు వచ్చినా, అది నటనకి. రచనలో భాగం ఇంకా గుర్తు చేయాల్సే వస్తోంది. సహానుభూతి గొప్పదా, స్వానుభవం గొప్పదా అని మనం ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. ఇద్దరూ కలిసి పనిచేసినప్పుడు అట్ట మీద ఎవరి పేరు మిగులుతుందన్నదీ అడగాలి.

నాటకం మీద నాకొక ఫిర్యాదుంది. సిజ్వే భార్య నోవెటు. భర్త ఉత్తరంలోనే ఉంటుంది, రంగం మీదికి రాదు. సిజ్వే చస్తే ఆమె విధవ, రాబర్ట్‌ని కట్టుకుంటే మళ్ళీ పెళ్ళాం. ఆమె పేరూ, పిల్లల పేరూ తేల్చేసింది తాగి వచ్చిన ఇద్దరు మగాళ్ళు. ఈ నాటకాన్ని మన కాలేజీల్లో ఎవరైనా ఆడితే కరపత్రంలో ముగ్గురి పేర్లూ వెయ్యండి. ఆ ఉత్తరం అందుకున్న నోవెటు ఏమందో మన ఆడవాళ్ళు ఎవరైనా రాస్తే, దాన్నీ ఆడండి.